కోసేసిన సగం

ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు సాయంత్రం. మీర్‌పేట్‌లో పక్కింటి అండాలమ్మ వాకిట్లో కూర్చుని శ్రీకళ తంగేడు పూలు దూసి గంపలో వేస్తోంది. లోపల టీవీ మోగుతోంది. సకల జనుల సమ్మె మొదలైనప్పటినుంచి ఆ వాడలో ఏ ఇంట్లోనూ టీవీ ఆగడం లేదు.

మొదట ఎవరో తనలాగే మాట్లాడుతున్నారనుకుంది శ్రీకళ. తర్వాత వాక్యం గుర్తుపట్టింది.

"ఈ నగరంలో కలిసిన చెమటను ఎవరిది ఎవరిదని వడబోసే జల్లెడ ఎక్కడైనా ఉందా? ఉంటే తీసుకురండి. లేకపోతే, ఇక్కడే పుట్టి ఇక్కడే బడికి పోయిన పిల్లను నీ ఊరేదని అడగడం మానండి."

చేతిలో పూలు అలాగే పట్టుకుని గడప దగ్గరికి వెళ్లింది. తెర మీద తనే ఉంది. కాలేజీ ప్రార్థన మందిరం, వెనక సరస్వతి పటం, తెల్ల చున్నీ. కింద ఎర్రటి అక్షరాలు పరుగెడుతున్నాయి: 'తెలంగాణ బిడ్డ నోట సమైక్య మాట'. నల్లగొండ జిల్లాకు చెందిన ఆర్టీసీ డ్రైవరు కూతురే ఇలా అంటున్నదని వార్తలు చదివే అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

అండాలమ్మ టీవీ వైపు, శ్రీకళ వైపు మార్చి మార్చి చూసింది.

"గది నువ్వే గద బిడ్డా?"

"నేనే పెద్దమ్మా. ఆగు, ఇంక ఉన్నది."

ఇప్పుడు మంచినీళ్లు తాగడానికి ఆగుతుంది, ఆ తర్వాత రెండో భాగం మొదలవుతుంది. శ్రీకళకు అది తెలుసు. తెర మీది శ్రీకళ గ్లాసు వైపు చెయ్యి చాపింది. అక్కడితో బొమ్మ ఆగిపోయి సబ్బు ప్రకటన వచ్చింది.

ఆమె ఇంకా గడప దగ్గరే నిలబడి ఉంది. ప్రకటనలు అయిపోయాక వేస్తారేమోనని చూసింది. వెయ్యలేదు. మళ్లీ మొదటినుంచి అదే వేశారు, అదే గ్లాసు దగ్గర ఆపారు.

*

శ్రీకళ చదివే కాలేజీ కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో ఉండేది. ఒక ఆశ్రమం వాళ్ల ట్రస్టు నడిపేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఏ గోడ చూసినా ఇంజినీరింగు, కంప్యూటరు కోచింగుల బోర్డులే. వాటి మధ్య తెలుగు, సంస్కృతం, చరిత్ర, తత్వశాస్త్రం తప్ప మరేమీ చెప్పని కాలేజీ ఒకటి ఉందని ఆటోవాళ్లకు కూడా సరిగ్గా తెలియదు. పొద్దున్నే అందరూ నేల మీద కూర్చుని గీతలో ఒక అధ్యాయం చదవాలి. బత్తాయి లారీలు హారన్ కొడితే శ్లోకం ఆపి, లారీ పోయాక అందుకునేవాళ్లు. గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు, ఫీజు తక్కువని వచ్చినవాళ్లు, నిజంగా చదువు మీద ఇష్టంతో చేరినవాళ్లు ఒకే తరగతిలో ఉండేవాళ్లు. శ్రీకళ రెండో కారణంతో చేరి మూడో రకంలోకి మారింది. దానికి కారణం విశ్వేశ్వరరావు.

ఆయనది తెనాలి వైపు. ముప్ఫై ఏళ్ల కిందట ఈ నగరానికి వచ్చి ఆ కాలేజీలోనే తర్కం చెబుతూ ఉండిపోయాడు. ప్రతి శనివారం మధ్యాహ్నం ప్రార్థన మందిరంలో వాదసభ పెట్టేవాడు. దానికి ఒకటే నియమం.

"ఎదుటివాడి మాటను ముందు నువ్వు చెప్పాలి. ఎలా చెప్పాలి? వాడే విని 'అవునండీ, నేను చెప్పాలనుకున్నది ఇదే, నాకే ఇంత బాగా చెప్పడం రాలేదు' అనాలి. అది పూర్వపక్షం. అది అయ్యాకే నీ మాట, అంటే సిద్ధాంతం, చెప్పుకునే అర్హత వస్తుంది. సగం విని తీర్పు చెప్పేవాడు సంతలో తగువు తీర్చడానికి పనికొస్తాడు, నా క్లాసుకు పనికిరాడు."

ఆ ఆగస్టులో రాష్ట్రం విషయం మీద సభ పెడతానన్నాడు. ప్రిన్సిపాల్ సుమిత్రమ్మ వద్దంది. ఆమె ఆశ్రమంలోనే ఉండే మనిషి, హయత్‌నగర్ దగ్గర పల్లెలో పుట్టింది. "బయట మంట మండుతున్నప్పుడు ఇంట్లో అగ్గిపుల్ల గీకుడెందుకు రావుగారూ" అంది. "మంట గురించి మాట్లాడలేని చోట తర్కం ఎందుకండీ" అన్నాడాయన. చివరికి ఒప్పుకుంది.

ఎవరి పూర్వపక్షం ఎవరు చెప్పాలన్నది ఆయనే పంచాడు. శ్రీకళకు సమైక్య వాదం వచ్చింది. ముందు సమైక్యం వాళ్ల తరఫున మాట్లాడాలి, తర్వాత దాన్ని ఖండించి తెలంగాణ ఎందుకు కావాలో చెప్పాలి.

"నా వల్ల గాదు సార్. మా నాయిన జేఏసీల తిరుగుతడు."

"అందుకే నీకిచ్చానమ్మా. నీకు తెలియంది నువ్వు చెబితేనే కదా చదువు."

శ్రీకళ పుస్తకాలు చదవలేదు. కొత్తపేటలో టిఫిన్ సెంటర్ నడిపే తిరుపతమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆమెది గుంటూరు పక్క పల్లె. "మా పిల్ల ఈ వీధిలోనే పుట్టింది. బళ్లో పిల్లలు నువ్వెప్పుడెళ్తావే అనడుగుతున్నారంట. ఎక్కడికెళ్లుద్దమ్మా అది?" అంది తిరుపతమ్మ, పిండి గరిటె పట్టుకునే. శ్రీకళకు ఆ రోజు ఇడ్లీ మింగుడుపడలేదు. సభలో ఆ పిల్లనే తలుచుకుని మాట్లాడింది.  సెట్లర్ల పిల్లలు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

నీళ్లు తాగి రెండో భాగం మొదలుపెట్టింది. బడిలో పాఠం పైకి చదివితే 'ఇదేం తెలుగు' అని టీచరు నవ్విన సంగతి చెప్పింది. చండూరు దగ్గర తమ ఊళ్లో నీళ్లు రాని కాలువ గురించి చెప్పింది. తండ్రి గురించి చెప్పబోతూ ఏడ్చేసింది. ఎలాగో ముగించి కూర్చుంది.

"పూర్వపక్షం పండింది. సిద్ధాంతంలో మాత్రం ఏడ్చావు. ఏడుపు వాదం కాదమ్మా" అన్నాడు విశ్వేశ్వరరావు. అంటూనే ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆశ్రమం వాళ్లు కొనిచ్చిన చిన్న కెమెరాతో ఆయన అన్ని సభల్లాగే ఆ సభనూ మొత్తం తీశాడు.

*

టీవీలో అది వచ్చిన రోజు చీకటి పడుతుండగా శ్రీకళ తండ్రి బిక్షమయ్య ఇంటికొచ్చాడు. సమ్మె మొదలైన నాటినుంచి పొద్దున్నే ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర వేసిన టెంటుకు పోయి సాయంత్రం రావడం ఆయన పని. ఎప్పుడూ టెంటులో పాడిన పాటలు కూనిరాగం తీస్తూ వచ్చేవాడు. ఆ రోజు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోకుండానే గోడకానుకుని కూర్చున్నాడు.

"టీవీల ఆ మాటలు నువ్వే అన్నవా?"

"అన్న నాయినా."

"ఎవలన్న బలిమి చేసిన్రా?"

"లే."

"మరెందుకన్నవ్?"

శ్రీకళ చెప్పింది. పూర్వపక్షమంటే ఏమిటో, ఎందుకు చెప్పాలో, తర్వాత తానేం చెప్పిందో అన్నీ చెప్పింది. బిక్షమయ్య ఇంట్లో గొంతు పెంచి ఎరగడు. అప్పుడు కూడా నెమ్మదిగానే విన్నాడు.

"అంటే బండి ఎడమకు తిప్పాలన్నా ముందుగాల రెండద్దాలు చూస్తం. గట్లనా?"

"గట్లనే నాయినా."

"మరి రెండో అద్దం ఏది? టీవోడు ఎందుకు చూపెట్టలే?"



"టెంట్ల ఒకని ఫోన్లకెల్లి ఒకని ఫోన్లకు పోతాంది గా వీడియో" అన్నాడు బిక్షమయ్య. "మా యూనియన్ల మట్టయ్యన్న నాకు చూపెట్టి 'నీ బిడ్డేనా' అన్నడు. అవునన్న. గంతే. అటెంక ఎవ్వడు నాతోని మాట్లాడలే. చాయ్ పంచెటోడు గూడ నన్ను దాటి పక్కోనికి ఇచ్చిండు."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న తల్లి సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏళ్లుగా బిక్షమయ్యతో ఒకే డిపోలో పనిచేసిన మనుషులు ఆ టెంటులోవాళ్లు. ఒకరింటి పెళ్లికి ఒకరు వంట చేసినవాళ్లు.

మర్నాడు సాయంత్రం జరిగింది ఇంకా దారుణం. సుక్కమ్మ బతుకమ్మను ఎత్తుకుని వాడ మధ్యలోని ఖాళీ స్థలానికి పోయింది. వెనకే శ్రీకళ. ఆడవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. సుక్కమ్మ తన బతుకమ్మను మిగతా వాటి పక్కన దించగానే, పక్కనున్నామె తన బతుకమ్మను ఎత్తి అవతలికి జరుపుకుంది. ఇంకొకామె కూడా జరుపుకుంది. చప్పట్లు ఆగాయి. పాట ఎవరూ అందుకోలేదు.

సుక్కమ్మ వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. కాసేపటికి బతుకమ్మను తీసుకుని వెనక్కి తిరిగింది. తమ ఇంటిముందు పీట వేసి దాని మీద పెట్టి, తల్లీ కూతుళ్లిద్దరే చుట్టూ తిరిగారు. ఇద్దరితో వలయం కాదు. సుక్కమ్మ పాట మొదలుపెట్టి రెండో చరణంలో ఆపేసింది. గోడ అవతలినుంచి అండాలమ్మ చూస్తూ నిలబడింది గాని రాలేదు.

"మొత్తం వీడియో సార్ దగ్గరుంది అమ్మా" అంది శ్రీకళ. "రేపు తెస్త. అందరికి చూపెడత."

*

బస్సుల్లేవు. శ్రీకళ పొద్దున్నే బయల్దేరి ఎల్బీ నగర్ మీదుగా కొత్తపేట దాకా నడిచింది. మూసిన షట్టర్లు, రోడ్డు మీద వంటావార్పు పొయ్యిల మసి, ఎక్కడ చూసినా గులాబీ కండువాలు. చౌరస్తా దగ్గర తండ్రి కూర్చునే టెంటు కనిపించగానే చున్నీ తల మీదికి లాక్కుని అవతలి పక్కకు దాటింది. తన సొంత మనుషుల ముందు ముఖం దాచుకుని పోవలసి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కాలేజీకి తాళం. ఆశ్రమం వైపు గుమ్మంలో సుమిత్రమ్మ కనిపించింది.

"చూసిన బిడ్డా. పొద్దటినుంచి ఫోన్లే. ట్రస్టువాళ్లు నన్ను అడుగుతున్నరు, బయటి పిల్లలు గేటు ముందు నినాదాలిచ్చి పోయిన్రు" అంది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. "మన మందిరంల తీసింది టీవీకి ఎట్ల పోయిందో నాకు సమజైతలేదు. కెమెరా రావుగారింట్లనే ఉంటది. ఆడ ఎవరన్న దొంగతనం చేసిన్రేమో. పొయ్యి అడుగు."

శ్రీకళ కూడా అదే అనుకుంది. ఎవరో దొంగిలించి ఉంటారు. సార్ కూడా తనలాగే అల్లాడిపోతూ ఉంటారు.

విశ్వేశ్వరరావు ఇల్లు రెండు సందుల అవతల, మేడ మీద. ఆయన భార్య తలుపు తీసి, శ్రీకళను చూసి కళ్లు దించుకుంది. ఆయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఎదురుగా టీవీ ఉంది, ఆపేసి ఉంది.

"సార్, ఆ వీడియో ఎవరో దొంగిలించిన్రు సార్. సగం కోసి వేసిన్రు. మీ దగ్గర మొత్తం ఉంటది గద, అది ఇయ్యండ్రి. మా నాయిన టెంట్ల చూపెట్టుకుంట."

ఆయన ఆపేసిన టీవీ వైపే చూస్తున్నాడు.

"సార్?"

"ఎవరూ దొంగిలించలేదమ్మా. నేనే ఇచ్చాను."

శ్రీకళకు సరిగ్గా వినపడలేదేమో అనిపించింది.

"మా బావమరిది విజయవాడలో ఆ ఛానల్లో చేస్తాడు. మొన్నొచ్చినప్పుడు చూపించాను. అడిగాడు, ఇచ్చాను."

"వాళ్లు కోసిన్రా సార్?"

ఆమె గొంతులో ఆశ ఉంది. అవునంటే చాలు. అవునంటే ఈ ఇల్లు, ఈ మనిషి, మూడేళ్ల చదువు అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. విశ్వేశ్వరరావుకు ఆ సంగతి తెలుసు. అబద్ధం చెప్పడం ఎంత తేలికో కూడా తెలుసు.

"లేదు. కోసింది కూడా నేనే. మొదటి సగమే ఇచ్చాను."

లోపల ఆయన భార్య గిన్నె ఏదో జారవిడిచింది.

"ఎందుకు సార్?"

"ఆ సభ అయినరోజు ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకుని విన్నాను. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో నా మనసులో ఉన్నది, నేను ఎవరితోనూ అనలేనిది, నువ్వన్నావు. మా ఆవిడ విని ఏడ్చింది. రోజూ వినేవాళ్లం. నువ్వు నీళ్లు తాగే దగ్గర ఆపేసేవాణ్ని." ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడుతున్నాడు. "రెండో సగం మళ్లీ వినాలనిపించలేదమ్మా. కొన్నాళ్లకు అది ఉందన్నదే మర్చిపోయాను. అదే నిజం. బావమరిది అడిగినప్పుడు మొత్తం ఇవ్వాలని నాకు తోచనేలేదు."

"ఇప్పుడు ఇయ్యండ్రి. రెండో సగం."

"లేదు. మొన్న అది ఇచ్చాక, కెమెరాలో చోటు చాలక మిగతాది తుడిచేశాను."

శ్రీకళ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. గోడ మీద ఆయన సన్మానపు ఫొటోలు కనిపిస్తున్నాయి, వాటిలో ఒక దాంట్లో తనూ ఉంది, చేతిలో పూలగుత్తితో. సగం విని తీర్పు చెప్పొద్దని తనకు చెప్పిన నోరే ఇప్పుడు ఈ మాటలు చెబుతోంది. ఆ రెంటినీ ఒక మనిషిలో ఎలా పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"మా అమ్మ బతుకమ్మ పక్కకెల్లి వాళ్ల బతుకమ్మలు తీసిన్రు సార్" అంది చివరికి. "నిన్న. దూరం జరిపిన్రు."

విశ్వేశ్వరరావు ముఖం ఎత్తాడు. ఆ మాట ఏమిటో ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాడు.

"నేనొస్తాను. మీ నాన్నగారి టెంటుకొచ్చి చెబుతాను."

"వద్దు సార్. మీరు ఆడికి రాకండ్రి. కొడతరు."

ఆమె మెట్లు దిగుతుంటే ఆయన వెనక నిలబడి ఏదో అన్నాడు. ఆమె ఆగలేదు.

*

ఇంటికొచ్చి తండ్రితో ఉన్నదున్నట్టు చెప్పింది. 

"సారే చేసిండా?" అన్నాడు బిక్షమయ్య.

"ఆయననే."

"నువ్వు సార్ పేరు చెప్తె దండం పెట్టేటోన్ని గద నేను." లేచి నిలబడ్డాడు. "సరే. వీడియో లేకుంటే ఏమాయె, నోరు లేదా? నాకు చెప్పినట్టే ఆడ చెప్పు. రేపు నాతోని రా."

మర్నాడు టెంటులోకి తండ్రి వెనక నడిచి వెళ్లినప్పుడు పాట పాడుతున్నవాళ్లు ఆపేశారు. మట్టయ్య యూనియన్‌లో పెద్దమనిషి, రిటైరవడానికి దగ్గరపడ్డవాడు. బిక్షమయ్య ఆయన ముందు నిలబడి, "అన్నా, నా బిడ్డ మాట సగమే విన్నరు. మిగతాది వినుండ్రి. అటెంక మీరేమన్న అనుండ్రి" అన్నాడు. మట్టయ్య మైకు అందించాడు.

శ్రీకళ మొదటినుంచే మొదలుపెట్టింది. రెండో సగంతో మొదలుపెడితే తేలికయ్యేది, కాని అలా చెయ్యబుద్ధి కాలేదు. తిరుపతమ్మ కూతురి గురించే ముందు చెప్పింది. వెనకనుంచి ఎవరో అరిచారు: "మల్ల గదే ముచ్చట." "కూసోబెట్టుండ్రి." బిక్షమయ్య లేచి వాళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు, అంతే, ఏమీ అనలేదు. గోల తగ్గింది.

"గా పిల్లకు భయం పెట్టకుండ తెలంగాణ తెచ్చుకోవాలె. ఎందుకు తెచ్చుకోవాల్నో ఇప్పుడు చెప్త" అంది శ్రీకళ.

ఈసారి ఏడవలేదు. బడిలో నవ్విన టీచరు గురించి చెప్పింది. ఎండిన కాలువ గురించి, ఊరిడిచి మీర్‌పేట్‌లో కిరాయి గదికి వచ్చిన రోజు గురించి చెప్పింది. బండి ఎక్కిన ప్రయాణికులు తండ్రి మాట విని అదే యాసలో వెక్కిరిస్తే, ఆయన ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి 'ఎక్కడికి వెళ్లాలండీ' అని మెల్లగా పలికి చూసుకోవడం చిన్నప్పుడు తలుపు సందులోంచి చూశానని చెప్పింది. ఆ సంగతి కూతురికి తెలుసునని బిక్షమయ్యకు ఆ నిమిషం దాకా తెలియదు. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. 

సరిగ్గా అప్పుడే విశ్వేశ్వరరావు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. జనం మధ్యలోంచి దారి అడుక్కుంటూ ముందుకొచ్చాడు. శ్రీకళ చేతిలోంచి మైకు అడిగి తీసుకున్నాడు.

"నా పేరు విశ్వేశ్వరరావండి. ఈ అమ్మాయికి చదువు చెప్పేవాణ్ని. ఈమె మొత్తం మాట్లాడింది. సగం కోసి ఇచ్చింది నేను. ఈమె తప్పు లేదు. నాకు నచ్చిన సగమే దాచుకున్నాను. దాని ఫలితం—"

మాట పూర్తి కాలేదు. బిక్షమయ్య లేచి రెండంగల్లో వచ్చి ఆయన చెంప మీద కొట్టాడు.

మైకులోంచి ఆ చప్పుడు చౌరస్తా దాకా వినిపించింది. కళ్లజోడు ఎగిరి చాప మీద పడింది. కొట్టిన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది, అది తన చెయ్యి కానట్టు బిక్షమయ్య దాన్ని చూస్తున్నాడు. భార్య మీద, పిల్ల మీద, దారికడ్డమొచ్చి బూతులు తిట్టిన ఆటోవాడి మీద కూడా ఎన్నడూ లేవని చెయ్యి. అతన్ని ఏళ్లుగా ఎరిగిన మట్టయ్య కూడా నోరు తెరిచి చూస్తున్నాడు.

శ్రీకళ వంగి కళ్లజోడు తీసింది. ఒక అద్దం పగిలింది. దాన్ని సార్ చేతిలో పెట్టి, ఇద్దరి మధ్యా నిలబడింది. ఎవరి వైపు తిరగాలో ఆమెకు తెలియలేదు.

"బస్, చాలు నాయినా" అంది, ఎవరినీ చూడకుండా.

మట్టయ్య తేరుకుని విశ్వేశ్వరరావు భుజం మీద చెయ్యి వేసి రోడ్డు దాకా తీసుకుపోయి ఆటో ఎక్కించాడు.

*

ఆ సాయంత్రమే అదే ఛానల్లో చెంపదెబ్బ వచ్చింది. ఎవరో ఫోనుతో తీసిందే. ముందు ఆయనేమన్నాడో లేదు, శ్రీకళ ఏమన్నదో లేదు. 'సమైక్యవాది అధ్యాపకుడిపై దాడి' అని వేశారు. మర్నాడు పొద్దున పోలీసులు వచ్చి బిక్షమయ్యను స్టేషనుకు తీసుకుపోయారు.

సుక్కమ్మ జీపు వెనక పరుగెత్తింది. శ్రీకళ మాత్రం టీవీ ముందు నిలబడి ఉంది. ఒకసారి జరిగింది మళ్లీ అలాగే జరుగుతుందని, ఈసారి తండ్రి మీద జరుగుతుందని ఆమె ఊహించలేదు. తర్వాత ఆలోచించకుండా సుమిత్రమ్మకు ఫోన్ చేసింది.

సుమిత్రమ్మ స్టేషనుకు వచ్చేసరికే విశ్వేశ్వరరావు అక్కడున్నాడు. పగిలిన కళ్లజోడే పెట్టుకున్నాడు.

"నేను ఫిర్యాదు ఇవ్వలేదండీ" అంటున్నాడు ఎస్సైతో.

"మీరియ్యకున్నా మేం చూసినం సార్ టీవీల."

"టీవీలో సగమే వచ్చింది. మిగతాది చెబుతాను, వినండి."

"నాకు టైం లేదు సార్."

"నాకుంది. మీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే చెబుతాను."

బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కదల్లేదు. చివరికి ఎస్సై విసుక్కుంటూ పిలిచాడు. ఆయన ఆగస్టు నెల సభనుంచి మొదలుపెట్టి తన చెంప దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. తన భార్య ఏడ్చింది కూడా చెప్పాడు. అవతలి గదిలో నేల మీద కూర్చున్న బిక్షమయ్యకు అంతా వినిపించింది. సుమిత్రమ్మ పూచీ మీద అతన్ని వదిలేశారు.

సుమిత్రమ్మతో బయటికొచ్చిన బిక్షమయ్యకు స్టేషను గేటు దగ్గర విశ్వేశ్వరరావు ఎదురుపడ్డాడు.

"చెయ్యి చేసుకున్న. తప్పే" అన్నాడు బిక్షమయ్య. "గాని మీరు చేసింది గూడ తప్పే సార్."

"అవునండీ."

"నా బిడ్డ మిమ్ముల దేవునోలె చూసింది."

 విశ్వేశ్వరరావు గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఛానల్లో ఎవరూ ఏదీ సరిదిద్దలేదు. విశ్వేశ్వరరావు తన బావమరిదికి ఫోన్ చేస్తే అతను నవ్వి పెట్టేశాడని తర్వాత తెలిసింది. కాని టెంటులో విన్నవాళ్లు తమ ఇళ్లలో చెప్పారు. పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మ నాడు, అండాలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "సుక్కమ్మా, జర జల్ది రా, నువ్వు రాక పాట మొదలువెట్టలే" అంది. సుక్కమ్మ వెళ్లింది. మొదట తన బతుకమ్మను అవతలికి జరిపినామె ఆ రోజు సుక్కమ్మ పక్కనే ఆడింది గాని ఆ సంగతి ఎత్తలేదు. సందు చివర పిల్లగాళ్లు కొందరు మాత్రం శ్రీకళ కనిపిస్తే 'సమైక్య' అని పిలవడం చాలాకాలం మానలేదు.

*

సమ్మె ముగిసి కాలేజీ తెరిచారు. విశ్వేశ్వరరావు రాజీనామా ఇచ్చాడని సుమిత్రమ్మ చెప్పింది. ట్రస్టువాళ్లు హమ్మయ్య అనుకున్నారు.

"వద్దమ్మా. సార్‌ను రమ్మనుండ్రి" అంది శ్రీకళ.

సుమిత్రమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఆయనను మాఫ్ చేసినవా బిడ్డా?"

"లే."

"మరి?"

"ఆయన పోతే నేను ఎవరితోని కొట్లాడాలె? ఇంక ఎవరన్న వస్తె సిలబస్ చెప్పి పోతరు."

సుమిత్రమ్మ ట్రస్టువాళ్లతో ఏం మాట్లాడిందో తెలియదు. దీపావళి తర్వాత ఒక సోమవారం విశ్వేశ్వరరావు తరగతిలోకి వచ్చాడు. కొత్త కళ్లజోడు. హాజరు పిలుస్తూ శ్రీకళ పేరు దగ్గర గొంతు సవరించుకున్నాడు. శనివారం సభను ఇకనుంచి పిల్లలే నడుపుకోవాలని, తాను వెనక వరుసలో కూర్చుని వింటానని చెప్పాడు.

పాఠం మునుపటంత బాగానే చెప్పేవాడు. కాని ఒక కొత్త అలవాటు వచ్చింది. ఏ విషయమైనా తేల్చి చెప్పబోయే ముందు ఆగి, శ్రీకళ వైపు ఒకసారి చూసేవాడు, ఏదైనా వదిలేశానా అన్నట్టు. తరగతి మొత్తానికి అది తెలిసిపోయింది. ఆమెకు అది దెబ్బ కంటే బరువుగా ఉండేది. తాను చదవడానికి వచ్చింది గాని, ఒక ముసలాయనకు కాపలా ఉండడానికి కాదు.

ఒకరోజు తరగతి అయ్యాక వరండాలో ఆయన్ని ఆపింది.

"సార్, పాఠం చెప్పెటప్పుడు నా దిక్కు చూడకుండ్రి."

"చూస్తున్నానా?"

"చూస్తున్నరు. మీకు తోచింది చెప్పుండ్రి. తప్పైతే నేను లేచి చెప్త. ఊకోను."

ఆయన తల ఊపాడు. మర్నాడు నమ్మదగినవాడి మాటే రుజువనే శబ్దప్రమాణం గురించి చెబుతూ, ఎటూ చూడకుండా ఒక మాట తేల్చేశాడు. శ్రీకళకు అది సరికాదనిపించింది. లేచి నిలబడింది. వెనక మార్కెట్టులో ఏదో లారీ హారన్ కొడుతోంది. ఇద్దరూ అది ఆగేదాకా ఆగారు.